వెలుతురు మాది, సొమ్ము మీకా?

మహారాజశ్రీ టౌన్ ప్లానింగ్ అధికారి గారి దివ్యసముఖానికి,

హైదరాబాదు శివారు కాలనీలో రెండు వందల గజాల ప్లాటులో ఇల్లు కట్టుకున్నవాడు చేసుకునే మనవి.

2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం ఇంత ప్లాటులో పది మీటర్ల ఎత్తు లేపేవాళ్లు పక్కలా వెనకా మీటరు చొప్పున వదలాలి. నేను వదిలాను. పక్కాయన ప్లానులో వదిలి, కట్టేటప్పుడు మరిచిపోయారు. గోడ సరిగ్గా హద్దు మీదికొచ్చింది. ఇద్దరి మీటర్లూ కలిస్తే రెండు మీటర్ల సందయ్యేది, గాలీ వెలుతురూ ఇద్దరికీ అందేవి. ఆయన తన వాటా గదుల్లో కలిపేసుకుని, నా వాటాలోకి కిటికీలు తెరుచుకున్నారు. వాళ్లు పోపు పెడితే తుమ్ములు మాకు. మా వంటింట్లో మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైటే.

ఆ గోడకు బయటి పూత వేయడానికి మేస్త్రీ నిలబడింది ఎక్కడనుకున్నారు? మా సందులోనే. నేనూ హద్దుదాకా లేపేసి ఉంటే అక్కడ తాపీ పట్టే చోటుండేది కాదు. వానాకాలం రెండిళ్లకీ చెమ్మ, పైపు పగిలినా చెయ్యి పట్టదు.

2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్ సంగతి మీకు తెలియంది కాదు. పక్క ప్లాటులో పునాదికి గుంత తవ్వితే, ఇరుకు స్థలంలో లేపిన జీ ప్లస్ ఫోర్ బిల్డింగు ఒరిగిపోయింది. ఉన్నవాళ్లు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. చివరికి దాన్ని కూల్చక తప్పలేదు.

ఇక అసలు మాట. అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేస్తామని 2007లో బీపీఎస్ అన్నారు, 2015లో బీఆర్‌ఎస్ అన్నారు (పథకమండీ. పార్టీ ఆ పేరు పెట్టుకున్నది 2022లో, కాబట్టి పెద్దరికం పథకానిదే). డబ్బు కట్టి దరఖాస్తు పెట్టుకుంటే, వదలని జాగాకు మాఫీ దొరుకుతుందని ఆశ. బాగుంది. కానీ పోయిన వెలుతురు నాది కదా, సొమ్ము ఖజానాకు ఏ లెక్కన చేరుతుంది? నన్నెవరూ అడగనేలేదు. ఇంకోసారి ఇలాంటి పథకం తెస్తే, ఫారంలో పక్కింటివాళ్ల సంతకానికీ ఓ గడి పెట్టించండి. వసూళ్లలోంచి మా కరెంటు బిల్లు కూడా కట్టించండి.

ఎదురు ప్లాటులో వచ్చేవారం పునాదికి ముగ్గు పోస్తున్నారు. మూడో స్లాబు పడ్డాక నోటీసు పట్టుకొచ్చే బదులు, ఆ రోజే టేపు పట్టుకుని రండి.

ఇట్లు,
తమ విధేయుడు