పిల్లనిచ్చే ముందు ఇల్లు చూసేవాళ్ళం

మా వాడ భుయ్యాడీహ్‌లో ఇప్పుడు ఏ సందులో చూసినా ఓ షిట్జు ఉంది. నెత్తిన రిబ్బను, మెడలో గంట, మే నెల ఎండలో నాలుక వేలాడేసుకుని రొప్పుతూ ఉంటుంది. ఆ మూగజీవం మీద నాకు కోపం లేదు. కోపమంతా అది ఆ ఇంటికొచ్చిన తీరు మీద.

మా రోజుల్లో ఈ వాడలో బుల్లికుక్క అంటే తెల్ల పామేరియనే. జాతి లెక్కన వాటిలో చాలామటుకు ఇండియన్ స్పిట్జులని కుక్కల పోటీలకు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. ఇక్కడి కంపెనీలో పనికని శ్రీకాకుళం, విజయనగరం, గంజాం నుంచి వచ్చినవాళ్ళం పక్కపక్కన ఉండేవాళ్ళం. ఒకరింట్లో కుక్క కట్టిందంటే సీతారాండేరా నుంచి అగ్రికో దాకా కబురు పాకేది. మగకుక్క వాళ్ళకో పిల్ల, అది వాళ్ళే ఏరుకునేవాళ్ళు. మిగతావి ఎవరికివ్వాలన్నది ఆ ఇంటి ఇల్లాలి తీర్పు. డబ్బు పుచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఊరి నుంచి తెచ్చిన చోళ్ళో బెల్లమో చేతిలో పెడితే చాలనుకున్నవాళ్ళే ఎక్కువ.

మా వరసలో ఒక మామ్మగారుండేవారు. పిల్ల కావాలని ఎవరొచ్చినా ముందు మంచమ్మీద కూర్చోబెట్టి టీ ఇచ్చేవారు. ఆ తరవాత మొదలు. "పగలు ఇంట్లో ఎవరుంటారు అమ్మా? మీ ఆయనకి సి షిఫ్టు పడితే రాత్రి దాన్ని బయటికెవరు తీసుకెళ్తారు? సంక్రాంతికి ఊరెళ్తే ఎవరింట్లో వదుల్తారు? చంటిపిల్లలున్నారా, తోక పట్టి లాగుతారా?" జవాబు నచ్చకపోతే మొహమాటం లేకుండా లేదనేసేవారు. నచ్చితే ఆదివారం నాడు వాళ్ళింటికి తనే వెళ్ళి గుమ్మం, మెట్లు, పెరడు చూసొచ్చేవారు. ఆడపిల్లని ఇచ్చేటప్పుడు ఎంత విచారిస్తామో అంత విచారణా జరిగేది. ఇచ్చాక కూడా వదిలేవారు కాదు. ఏడాది తిరిగాక సాక్చి బజారులో కనిపిస్తే మనిషి క్షేమం కంటే ముందు కుక్క క్షేమం అడిగేవారు.

చిన్నజాతి కుక్క పిల్లలు పెట్టడం పెద్ద గండం. కడుపుతో ఉండేది 63 రోజులు, కాస్త అటూ ఇటూగా. తల్లి నడుము ఇంతే, పిల్ల తల పెద్దది. అడ్డం తిరిగితే ఆపరేషను తప్పదు. అందుకే ఆ రాత్రులు మామ్మగారు నిద్రపోయేవారు కాదు. గండం అక్కడితో తీరిపోదు. పిల్లలు పాలు తాగే రెండో వారం, మూడో వారంలో తల్లి ఒళ్ళు బిగుసుకుని వణికితే చలి అనుకోకూడదు. పాలతో కాల్షియం తరిగిపోతే అలా అవుతుంది. వెంటనే డాక్టరు ఇంజెక్షను ఇవ్వకపోతే ప్రాణం పోతుంది. ఈ సంగతి తెలియకుండా ఫోనులో బొమ్మ చూసి మగకుక్కని కుదుర్చుకునేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

1994లో 'హమ్ ఆప్‌కే హై కౌన్' వచ్చింది. అందులో టఫీ అనే తెల్లకుక్కని చూసి ప్రతి ఇంటికీ అలాంటిదే కావాలి. 2003లో హచ్ ఫోను ప్రకటనలో పగ్ వచ్చింది. ఇక అందరికీ పగ్. అడిగేవాళ్ళు పెరిగేసరికి ఏటా ఒకటే కాదు, ఎదకొచ్చిన ప్రతిసారీ క్రాసింగు చేయించడం మొదలైంది. చప్పిడి ముక్కు కుక్కకి ఊపిరాడటమే కష్టం, ఒంటి వేడి బయటికి పోదు. ఇక్కడ ఎండలు 44 డిగ్రీలు దాటే రోజులున్నాయి. కూలరు కూడా లేని రేకుల ఇంటికి పగ్‌ని అమ్మినవాడు ఆ మాట ఒక్కసారైనా చెప్పాడా?

పోయినేడు మా పక్కింటి మనవడు ఫోనులో డబ్బు పంపి పిల్లని తెప్పించాడు. రాత్రి బస్సులో అట్టపెట్టెలో వచ్చింది. పట్టుమని నెల దాటలేదు, కొరకడమే సరిగా రాదు. మూడోనాడు రక్తవిరేచనాలు, పార్వో. ఆ కుర్రాడు అన్నం మానేసి ఏడ్చాడు. అమ్మినవాడి ఫోను మోగలేదు. పార్వో 1978 తరవాత లోకమంతా పాకిన జబ్బు, మా చిన్నప్పుడు లేదు. ఇప్పుడు టీకా ఉంది, ఆరు ఎనిమిది వారాలకి మొదలుపెట్టాలి. మా కాలం కంటే ఇది మేలే, ఒప్పుకుంటాను. కానీ ఆ టీకా పడేలోగానే పిల్లని బస్సెక్కిస్తే ఏం లాభం?

రెండు నెలలు తల్లి దగ్గరుంచాలన్నది మామ్మగారి పట్టింపు. తోడబుట్టినవాటితో కొరుక్కుని, అవి కుయ్యిమంటే పట్టు సడలించడం పిల్ల అక్కడే నేర్చుకుంటుంది. ఆ చదువు లేనిదే తరవాత చంటిపిల్లల చేతులు కొరికేస్తుంది. కరుస్తోందని దాన్ని సువర్ణరేఖ ఒడ్డున వదిలేసి వస్తారు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం నియమాలూ అదే చెబుతున్నాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లికి 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒకటే ఈత, జన్మకి ఐదు దాటకూడదు. అమ్మేవాళ్ళు రిజిస్టరు చేయించుకోవాలి. ఆ కాగితం చూపించమని కొనేటప్పుడు అడిగినవాణ్ణి ఈ వాడలో నేనింకా చూడలేదు. రేటు మాత్రం అందరూ అడుగుతారు.

వెనక సందులో ఒకమ్మాయి ఉంది, ట్యూషన్లు చెప్పుకుంటుంది. ఒక్క ఆడ షిట్జు. రెండేళ్ళు నిండాకే క్రాసింగు చేయించింది, అంతకుముందు మోకాలిచిప్ప జారుతుందేమోనని డాక్టరుకి చూపించింది. ఎవరికిచ్చిందీ, ఏ టీకా ఎప్పుడు పడిందీ నోటుబుక్కులో రాసుకుంటుంది. పెంచలేకపోతే రోడ్డు మీద వదలకుండా తనకే తెచ్చివ్వాలని మాట తీసుకుంటుంది. అలా తిరిగొచ్చిన ఒకటి ఆమె దగ్గరే ఉంది. దానికి మళ్ళీ బేరం పెట్టలేదు. ఇందులో నీకు మిగిలేదేముందని వాళ్ళ నాన్న కసురుతుంటే, నేను వెళ్ళి ఆయన్నే కసిరి వచ్చాను.

డిసెంబరులో ఆ కుక్క మళ్ళీ పిల్లలు పెడుతుంది. ఒకటి నాకు కావాలన్నాను. ఆ అమ్మాయి కుర్చీ వేసి టీ ఇచ్చి, "తాతగారూ, ఇవి పన్నెండు పదమూడేళ్ళు బతుకుతాయి. మీకు ఓపిక తగ్గాక ఎవరు చూస్తారు?" అనడిగింది. మా కోడల్ని పిలిపించి, ఆమె నోటితోనే జవాబు చెప్పించాను. అప్పటికీ మాటివ్వలేదు. ఆదివారం వచ్చి ఇల్లు చూస్తానంది.