ఆదివారం అరగంట

తిరువూరులో జగదల్‌పూర్ వెళ్ళే పెద్దరోడ్డు మీద, బస్టాండుకి కొంచెం అవతల, ఒక మందుల షాపు పైన ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. 2012 వేసవి నాటి మాట. అప్పటికింకా అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు రాలేదు. హాల్‌టికెట్ తీసుకోవాలన్నా, ఎంసెట్ ర్యాంకు చూసుకోవాలన్నా, అమెరికాలో ఉన్న బిడ్డ ముఖం చూడాలన్నా ఆ ఇరుకు మెట్లు ఎక్కాల్సిందే.

అప్పట్లో తిరువూరు కృష్ణా జిల్లాకి ఒక కొస. దాటితే ఖమ్మం జిల్లా. చుట్టూ మామిడి తోటలు, పత్తి, మిరప. కాయ అమ్మిన డబ్బుకి బ్యాంకు అప్పు కలిపి పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించి, ఆపైన విమానం ఎక్కించిన ఇళ్ళు ఆ పల్లెల్లో ఎన్నో. ఆ ఇళ్ళలో మిగిలిన అమ్మానాన్నలకి స్కైప్ అనే మాట నోరు తిరగకపోయినా, ఆ మేడ మీద ఏ కుర్చీలో కూర్చుంటే బిడ్డ కనపడతాడో మాత్రం తెలుసు.

కోకిలంపాడు వైపు నుంచి ఒక పెద్దావిడ ప్రతి ఆదివారం పొద్దున్నే మొదటి ఆటోలో వచ్చేది. తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, తిన్నగా వెళ్ళి మూడో సిస్టమ్ ముందు కూర్చునేది. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఇక్కడ ఆదివారం ఉదయం ఏడంటే అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర. మాటలు అరగంట. ఆవిడ కొంగుముడి విప్పబోతే సెంటర్ ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "మీరెందుకు పిన్నిగారూ, మీ అబ్బాయి పంపిస్తాడుగా."

ఆ వేసవిలో, బీటెక్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికొచ్చిన ఒక కుర్రాడు సెంటర్‌లో చేతిసాయంగా కుదిరాడు. ఒకరోజు సెంటర్ ఆయన అతన్ని పక్కకి పిలిచాడు.

"ఒరేయ్, ఎంత టైము మిగిలిందో తెరమీద కనపడేట్టు ఏదైనా చెయ్యగలవా? వెనక నిలబడి 'పిన్నిగారూ, అయిపోయింది' అనాలంటే నోరు రావట్లేదు. వారం వారం ఆ మాట నేనే అనాలా?"

"చేస్తానన్నా. అన్ని సిస్టమ్స్‌కీ పెట్టనా?"

"వద్దు. మూడోదానికి చాలు."

కెమెరా బాగున్నది ఆ సిస్టమ్‌కే. అందుకే కాబోలనుకున్నాడు కుర్రాడు.

పని తేలికే అనిపించింది. విండోస్ ఎక్స్‌పీలో స్క్రిప్టు రాసుకోవడానికి వేరే ఏదీ కొనక్కర్లేదు. నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు లైన్ల వీబీస్క్రిప్ట్ రాస్తే డైలాగ్ బాక్స్ వచ్చేస్తుంది. వచ్చింది కూడా. "ఇంకా 30 నిమిషాలు" అని చూపించి అలాగే ఉండిపోయింది. మెసేజ్ బాక్స్ తెరుచుకుంటే, ఎవరో ఓకే నొక్కేదాకా స్క్రిప్టు ఆ లైను దగ్గరే ఆగిపోతుంది. వెనక లెక్క నడవకపోతే ముందు అంకె ఎలా మారుతుంది? పాపప్ అని ఇంకో పద్ధతి ఉంది. ఇన్ని సెకన్ల తర్వాత మూసుకుపో అని చెబితే, ఎవరూ ఏ బటనూ నొక్కకపోయినా తనంతట తాను మూసుకుపోతుంది. కానీ దాని లోపల ఒకసారి రాసిన అక్షరాలు మూసుకునేదాకా అవే. ఎప్పుడు పోతుందో దానికి తెలుసు, ఎదురుగా కూర్చున్న మనిషికి తెలియదు.

చివరికి దారి హెచ్‌టీఏలో దొరికింది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో పాటు వచ్చిన ఏర్పాటు అది. వెబ్ పేజీని మామూలు ప్రోగ్రాములా సొంత కిటికీలో తెరుస్తుంది. పేజీ కాబట్టి అందులోని అక్షరాలను ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. సెకనుకొకసారి నన్ను లేపు అని టైమర్‌కి చెప్పి, లేచినప్పుడల్లా అంకెలోంచి ఒకటి తీసేస్తే సరి. 30:00, 29:59, 29:58. స్కైప్ కిటికీని కొంచెం కుదించి, దాని పక్కన అరచేయంత జాగాలో ఈ కిటికీ పెట్టాడు. ఆఖరి ఐదు నిమిషాల్లో అంకెలు ఎర్రగా మారేట్టు చేశాడు.

మొదటి ఆదివారం ఆవిడ ఆ ఎరుపు చూసి కంగారుపడింది. కొడుకు ఏదో చెబుతున్నాడు, ఆవిడ చూపంతా పక్క కిటికీలో పడుతున్న సెకన్ల మీద ఉంది. లేచి వెళ్తూ కుర్రాడి దగ్గర ఆగింది.

"ఏంది నాయనా అది? ఎర్రగా అయ్యేసరికి గుండె దడదడలాడింది. వాడేం చెప్పాడో కూడా వినపళ్ళా."

ఆ మాటకి కుర్రాడు నొచ్చుకున్నాడు. టైము చెప్పడం ఒకటి, మనిషిని తరమడం ఒకటి. ఆ సాయంత్రమే ఎరుపు తీసేశాడు. అంకెలు మొదటినుంచి చివరిదాకా ఆకుపచ్చగా ఉండేట్టు మార్చాడు. ఆవిడకి అద్దాలు పెట్టుకున్నా చదవడం కష్టమని గమనించి అక్షరాల సైజు పెంచాడు. చివర్లో టక్కున మూసుకోకుండా, సున్నా దగ్గర ఆగి "వచ్చే ఆదివారం కలుద్దాం" అని తెలుగులో వచ్చేట్టు రాశాడు.

రెండో వారం నుంచి ఆవిడ చీటీ రాసుకుని రావడం మొదలుపెట్టింది. వాళ్ళాయన మోకాలి నొప్పి. గేదె ఈనిన సంగతి. తోటలో కాపు తగ్గడం, నున్న మార్కెట్లో బంగినపల్లి ధర. మేనకోడలికి వచ్చిన సంబంధం. మనవడికి పాలపళ్ళు ఊడుతున్నాయా లేదా. ఒక్కో సంగతికి ఎంత సేపో గడియారం చూసుకుని సర్దుకునేది. ఇరవై నిమిషాలు మిగిలాయనగా మనవణ్ణి పిలవమనేది. పది ఉందనగా కోడల్ని పలకరించేది. చివరి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడేది కాదు. కొడుకు ముఖాన్నే చూస్తూ కూర్చునేది. ఎంత మిగిలిందో తెలిస్తే దాన్ని ఎవరికి పంచాలో తల్లికి వేరే చెప్పక్కర్లేదు.

సున్నా పడగానే ఆవిడే అనేది. "ఉంటాను నాన్నా, టైమైపోయింది. వీళ్ళు ఊరుకోరు."

సెంటర్‌లో ఒక రిజిస్టరు ఉండేది. 2011 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం ఎవరు వచ్చారు, ఎన్నింటికి కూర్చున్నారు, ఎన్నింటికి లేచారు అన్నీ రాసిపెట్టాలి, ఏడాదిపాటు దాచాలి. గోడ గడియారం చూసి అది రాసేది కుర్రాడే. ఒక ఆదివారం రాస్తూ రాస్తూ ఆగాడు. ఏడు గంటలా రెండు నిమిషాలకి మొదలు. ఏడూ ముప్పై ఆరుకి ఆఖరు. అంతకుముందు వారాలు తిరగేశాడు. అన్నీ అంతే. అరగంట అనుకున్నది దాదాపు ముప్పై నాలుగు నిమిషాలు నడుస్తోంది.

కారణం అతనికి వెంటనే తట్టింది. సెకనుకొకసారి లేపమని టైమర్‌కి చెప్పినా అది కచ్చితంగా సెకనుకే లేపుతుందన్న హామీ లేదు. పాత కంప్యూటర్. స్కైప్‌లో వీడియో నడుస్తుంటే దానికి ఊపిరాడదు. ఒక్కో టిక్కుకి సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యమైనా చాలు, అరగంటలోని 1800 టిక్కులకి కలిపి 225 సెకన్లు, అంటే మూడు నిమిషాల ముప్పావు. దీనికి మందు కూడా తెలుసు. టిక్కులు లెక్కపెట్టకూడదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడికి దూరం తప్పుతుంది, మైలురాయి చూసుకుని నడిచేవాడికి తప్పదు. మొదలయ్యేటప్పుడే ముగిసే సమయాన్ని రాసిపెట్టుకోవాలి. లేచిన ప్రతిసారీ కంప్యూటర్ గడియారం చూసి, ముగింపుకి ఇంకా ఎంతుందో కొత్తగా లెక్కకట్టాలి. అప్పుడు ఒక టిక్కు ఆలస్యమైనా తర్వాతి టిక్కు సరైన అంకే చూపిస్తుంది.

రెండు లైన్ల మార్పు. ఆ మధ్యాహ్నమే రాశాడు, పరీక్షించాడు. సెకను తేడా లేకుండా నడిచింది. దాన్ని వేరే పేరుతో పక్కన దాచాడు. మూడో సిస్టమ్‌లో మాత్రం పెట్టలేదు.

ఎందుకు పెట్టాలి? పొద్దున ఏడింటికి సెంటర్‌లో ఇంకెవరుంటారు? పక్క కుర్చీలన్నీ ఖాళీ. వారం రోజులు ఎదురుచూసి, ఆటో ఎక్కి వచ్చిన తల్లికి నాలుగు నిమిషాలు ఎక్కువైతే ఎవరికి నష్టం? ఒకసారి సెంటర్ ఆయన్ని అడిగాడు కూడా.

"అన్నా, అరగంటే ఎందుకు? ఆ టైములో ఎవరూ రారుగా. ఇంకాసేపు మాట్లాడుకోనిస్తే ఏం పోతుంది?"

ఆయన తలెత్తకుండా చిల్లర లెక్కపెట్టుకుంటూ, "అరగంటంటే అరగంటేరా. దాని జోలికి పోకు" అన్నాడు.

కుర్రాడికి కోపం వచ్చింది. ఇంత మంచి మనిషికి ఈ పట్టుదల ఏమిటనిపించింది. పైకి ఏమీ అనలేదు. నెమ్మదిగా నడిచే గడియారాన్ని అలాగే ఉంచేశాడు. ఆదివారం ఆదివారం ఆ నాలుగు నిమిషాలు తల్లికీ కొడుక్కీ తన తరఫున కానుక అనుకున్నాడు. సెలవులైపోయి వెళ్ళిపోయినా అవి వాళ్ళకి మిగులుతాయనుకున్నాడు.

జూన్ వచ్చింది. తొలకరి పడింది. ఒక ఆదివారం మాటలయ్యాక పెద్దావిడ సంచిలోంచి నాలుగు రసాలు తీసి కుర్రాడి చేతిలో పెట్టింది.

"తిను నాయనా, మా తోటవే. నువ్వు పెట్టిన గడియారం వల్ల నాకు ఎంతో హాయిగా ఉంది. మునుపు ఏది చెప్పానో, ఏది మరిచానో తెలిసేది కాదు."

"ఇంకాస్త సేపు ఉంటే బాగుండేది కదా పెద్దమ్మా."

"నాకు బాగానే ఉంటది. వాడికీ పన్లుంటయ్యిగా. వాడసలే వెర్రిబాగులోడు. ఆ గడియారమే లేకపోతే తెల్లారేదాకా మాట్లాడతానే ఉంటాడు. నేను పెట్టేస్తానన్నప్పుడల్లా వాడి ముఖం చూడాలి నువ్వు."

ఆవిడ మెట్లు దిగుతుంటే కుర్రాడు చెయ్యి పట్టుకుని రోడ్డుదాకా దించి, ఆటో ఎక్కించి వచ్చాడు. పైకి వచ్చేసరికి సెంటర్ ఆయన కౌంటర్ దగ్గర కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్, ఇటురా. ఇదేదో నువ్వు చేసిన గడియారం గొడవే. నువ్వే చదువు."

మెయిల్ డల్లాస్ నుంచి. అప్పుడే వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు.

"అన్నా, నమస్తే. నేను అడగ్గానే అమ్మ దగ్గర గడియారం పెట్టించినందుకు చాలా థ్యాంక్స్. ఇక పెట్టేస్తానమ్మా అని వారం వారం నా నోటితో చెప్పలేక నీకు అప్పజెప్పాను. ఇప్పుడు అమ్మే పెట్టేస్తోంది, నాకు ఇబ్బంది లేకుండా పోయింది. కాకపోతే ఆ గడియారం నెమ్మదిగా నడుస్తోంది. నా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, ప్రతిసారీ నాలుగు నిమిషాలు ఎక్కువ వస్తోంది. కాస్త సరిచేయించు. ఇంకో మాట. ఈ మధ్య శనివారం రాత్రులు నాకు అరగంట కూడా కుదరడం లేదు. 20 నిమిషాలు చాలు. కానీ అంకె మాత్రం 30 నుంచే మొదలవ్వాలి, లేకపోతే అమ్మకి తెలిసిపోతుంది. సెకన్లు కొంచెం తొందరగా పడేట్టు చెయ్యడం కుదురుతుందేమో ఆ కుర్రాణ్ణి అడుగు. డబ్బు అరగంటకే పంపిస్తాను."