జాయింటర్ కొంటారా? ముందు చిత్రిక కొనండి

ఇంట్లో వడ్రంగం మొదలుపెట్టినవాళ్లకు అందరూ చెప్పే వరస ఒకటుంది: ముందు పలకను చదును చేసే జాయింటర్, తర్వాత మందం సమం చేసే థిక్‌నెస్ ప్లేనర్, చేతి పనిముట్లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఈ వరసను పూర్తిగా తిరగేయమంటాను. చాలామందికి ఇది తిక్క సలహాలా అనిపిస్తుందని తెలుసు, అయినా నా మాట ఇదే.

జాయింటర్ కోసం దాచిన డబ్బులోంచి కొంత తీసి మంచి చిత్రిక ఒకటి, గట్టి వైస్ ఒకటి కొనండి. పలకలో మెలి ఎక్కడుందో చూసే కన్ను ఏ యంత్రమూ ఇవ్వదు. రెండు తిన్నటి బద్దలు తీసుకుని పలక రెండు చివర్లా అడ్డంగా పెట్టండి. వంగి, దగ్గరి బద్ద పై అంచు మీదుగా దూరపు బద్దను చూడండి. రెండు అంచులూ ఒకే గీతలో కలిస్తే మెలి లేనట్టు. ఒక పక్క లేచి కనిపిస్తే ఆ మూలను, దానికి ఐమూలగా ఎదురున్న మూలను చిత్రికతో దించుతూ పోవాలి. ఈ పని చేతికి వచ్చాకే జాయింటర్ మనకు చేసి పెట్టేదేమిటో అర్థమవుతుంది.

రెండు పలకలు అతకడానికీ యంత్రం అక్కర్లేదు. పుస్తకం మూసినట్టు రెంటినీ జతచేసి, వైస్‌లో బిగించి, రెండు అంచులకీ ఒకేసారి చిత్రిక పట్టండి. చెయ్యి కాస్త పక్కకు వాలినా ఫరవాలేదు. విప్పి పరిచినప్పుడు ఒక అంచు వాలు రెండో అంచు వాలుతో సరిపోతుంది. ఇందుకు ఏడో నంబరు చిత్రిక బాగుంటుంది. దాని పొడవు 22 అంగుళాలు. గుంటల్లోకి దిగకుండా మిట్టల్నే కోసుకుంటూ పోతుంది. టీపాయ్, పుస్తకాల అర, పూజా మందిరం చేసుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

చేత్తో చెయ్యడం విసుగనిపించినప్పుడు కూడా థిక్‌నెస్ ప్లేనరే ముందు కొనండి. దానితో మెలి పోదంటారు. ఉత్త పలకను తోస్తే పోదు, నిజమే. లోపల రోలర్లు దాన్ని అదిమి పడతాయి, బయటికి రాగానే మళ్లీ మెలి తిరుగుతుంది. అందుకే పలకను మందపాటి ప్లైవుడ్ ముక్క మీద పెట్టి, లేచిన చోట్ల కింద చెక్క చీలికలు దోపి, కదలకుండా బిగించి తొయ్యాలి. పై ముఖం చదునవుతుంది. తర్వాత తిరగేసి నేరుగా తొయ్యండి. ఇలా ప్లేనర్‌తో జాయింటర్ పని చాలావరకు చేయించవచ్చు. జాయింటర్‌తో ప్లేనర్ పని చేయించలేం. రెండు ముఖాలూ చదునవుతాయి గానీ మందం అంతటా ఒకేలా రాదు.

ఇంత చెప్పినా జాయింటరే కావాలంటే, మన బజారులో దాన్ని సర్ఫేస్ ప్లేనర్ అని అడగండి. కొట్టువాడు ముందు మోటారు హార్స్‌పవర్ చెబుతాడు, తర్వాత వెడల్పు చెబుతాడు. రెండూ విని పక్కన పెట్టండి. మీరు చూడాల్సింది టేబుళ్లు. పొడవాటి స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ వెంట తీసుకెళ్లండి. రెండు టేబుళ్లనూ ఒకే ఎత్తుకు తెచ్చి, వాటి మీద స్ట్రెయిట్ ఎడ్జ్‌ని నిలువుగా, అడ్డంగా, మూలలకు పెట్టి కింద గేజ్ ఆకు దూర్చి చూడండి. 0.2 మిల్లీమీటర్ల ఆకు సులువుగా దూరితే ఆ యంత్రం మీకొద్దు. అది తిన్నటి పలకను కూడా వంపు తిప్పుతుంది.

కొత్త అల్యూమినియం టేబుళ్ల బుల్లి జాయింటర్ కన్నా తుప్పుపట్టిన పాత పోత ఇనుము యంత్రం మేలు. పైపై తుప్పు కిరోసిన్‌తో, ఎమెరీ కాగితంతో పోతుంది. పగుళ్లు మాత్రం ఉండకూడదు. వెడల్పుకన్నా పొడవుకే ఎక్కువ పెట్టండి. పొట్టి టేబుల్ మీద ఆరడుగుల పలక ఊగుతుంది, ఊగిన పలక తిన్నగా రాదు. టేకు పనే ఎక్కువైతే కార్బైడ్ ముక్కలు బిగించిన హెలికల్ కట్టర్‌కు డబ్బు పెట్టవచ్చు. టేకులో సిలికా ఉంటుంది, మామూలు బ్లేడ్ల పదును తొందరగా పోతుంది. హెలికల్ కట్టర్‌తో మోత తగ్గుతుంది, పెచ్చులూ తక్కువ లేస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం బేరాలొద్దు. పాత యంత్రాల్లో కట్టర్ బ్లాకు నలుపలకలుగా ఉంటే అది ఎంత చవకైనా ముట్టుకోకండి. ఆ బ్లాకుకీ టేబుల్ అంచుకీ మధ్య ఖాళీ ఎక్కువ, వేలు జారితే లోపలికి లాగేస్తుంది. చేత్తో తోసే ప్లేనర్‌కు గుండ్రటి బ్లాకే ఉండాలని ఫ్యాక్టరీల నిబంధనలే చెబుతున్నాయి. ఇంట్లో పనిచేసే మన వేళ్లకూ ఆ రక్షణ ఉండాలి. అడుగుకన్నా పొట్టి ముక్కను జాయింటర్ మీద పెట్టకండి. చేతి తొడుగులు వేసుకోకండి. తోయడానికి పుష్ బ్లాకులే వాడండి.

అడ్డంగా ఉందని, బ్లేడ్లను కప్పే గార్డు తీసి మూలన పడేసిన యంత్రాలు చాలా కనిపిస్తాయి. కొనేముందు గార్డు చూపించమని అడగండి, అది సరిగ్గా కదులుతుందో లేదో మీ చేత్తో చూసుకోండి. గార్డు లేకపోతే అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి.