41 గంటల పండగ

పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు మా ఇంట్లో క్రిస్మస్ ఒక్క పూటలో తేలిపోయేది. తెల్లవారుజామున గుడి, మధ్యాహ్నం బిర్యానీ, మూడింటికల్లా కొత్త చొక్కా మీద కూర మరక, సాయంత్రం దాని తాలూకు ఏడుపు. ఇప్పుడు ఇంట్లో ఇద్దరమే మిగిలాం. పండగ మాత్రం 41 గంటలకు సాగింది.

లెక్క చెబుతాను. అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడ 25వ తేదీ పుట్టేసరికి మా గుంటూరులో 24 సాయంత్రం ఆరున్నర. నేనింకా నిచ్చెన మీదుండి నక్షత్రంలో బల్బు బిగిస్తుంటానా, "హ్యాపీ క్రిస్మస్ నాన్నా" అంటూ ఫోను. అబ్బాయి డాలస్‌లో. వాడి పండగ ముగిసేది మనకి 26 పొద్దున పదకొండున్నరకి. ఎప్పుడు వీడియోలో కనబడాల్సి వస్తుందోనని అందాకా మా ఆవిడ పట్టుచీర మార్చదు. నా చేత చొక్కా విప్పనివ్వదు. లుంగీకి అభ్యంతరం లేదు, అది ఫోనులో పడదు కాబట్టి.

1842లో ఫాదర్ హయ్యరు అమెరికా నుంచి గుంటూరు వచ్చి లూథరన్ మిషను మొదలుపెట్టాడు. వచ్చింది ఒక్క మనిషి. ఆ బాకీ మా పేట వాళ్లు వడ్డీతో సహా తీరుస్తున్నారు, ఇంటికొకణ్ణి చొప్పున పంపి.

క్యారల్స్ వాళ్లు రాత్రి ఒంటిగంట దాటాక వస్తారు. వెనకటికి డప్పు, గిటారు ఉండేవి. ఇప్పుడు ఆటోలో స్పీకరు. ఆ చప్పుడుకి లేచి తలుపు తీస్తే క్రిస్మస్ తాత వేషంలో ఉన్న కుర్రాడు నా చెయ్యి ఊపేసి, "తాతగారూ, ప్రార్థన చేస్తాం, మనవులేమైనా ఉన్నాయాండీ?" అంటాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ వెనక నుంచి, "అబ్బాయి గ్రీన్ కార్డు, అమ్మాయి పీఆరు, ఈయన మోకాళ్లు" అని అదే వరసలో అందిస్తుంది. కుర్రాడికి అలవాటే. పక్కింట్లోనూ అవే మనవులు, మోకాళ్ల బదులు నడుము.

అసలు కథ అరిసెలది. బియ్యం నానబోసి, తడిపిండి ఆడించి, బెల్లం పాకం పట్టాలి. మా ఆవిడ గిన్నెడు నీళ్లలో పాకం చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీస్తుంది. ఉండ కడితే "పొయ్యండి!" అని కేక. నేను పిండి పోస్తూ తెడ్డు తిప్పాలి. ఆ తిప్పడం ఒకప్పుడు అబ్బాయి పని, వాడికి వీసా వచ్చాక నాకు ప్రమోషన్ వచ్చింది.

"మనిద్దరికీ నాలుగు కిలోల బియ్యం ఎందుకే?"

"పండక్కి కిలో పోస్తారా ఎవరైనా?"

దానికి జవాబు లేదు. ఇద్దరికీ షుగరు. అందుకని పళ్లేల్లో సర్ది, పైన గులాబి పువ్వులూ ఓ కేకు ముక్కా పెట్టి వీధివీధంతా పంచుతాం. హమ్మయ్య అనుకుందామంటే, మన వీధుల్లో ఖాళీ పళ్లెం తిరిగివ్వడం మర్యాద కాదు. మూడు వారాలు తిరక్కుండా సంక్రాంతి వస్తుంది. మేమిచ్చిన స్టీలు పళ్లేలన్నీ ఒక్కొక్కటే గుమ్మంలోకి వస్తాయి, నిండా అరిసెలతో. ఎదురింటి వదినగారివి మెత్తగా, నువ్వులద్ది, నోట్లో వేస్తే కరిగిపోతాయి. మావాటికన్నా బాగుంటాయని నా అభిప్రాయం. దీన్ని ఇంట్లో ఎక్కడా వెలిబుచ్చలేదు.

ఇద్దరం మాటామాటా అనుకుంటూనే రెండు పండగలూ తినేస్తాం. జనవరి చివరికి అమ్మాయి ఫోను చేసి హెచ్‌బీఏ1సీ చేయించుకోమంటుంది. అదొక దొంగ పరీక్ష. ముందురోజు ఉపవాసం ఉన్నా లాభం లేదు, వెనకటి రెండుమూడు నెలల భాగోతమంతా బయటపెట్టేస్తుంది.

"అమ్మా, రిపోర్టు ఫోటో పంపు" అంటుంది అమ్మాయి.

మా ఆవిడ బీరువాలోంచి ఆగస్టు నాటి రిపోర్టు తీసి, తేదీ మీద బొటనవేలు అడ్డంపెట్టి, ఫోటో తీసి పంపుతుంది.