ఏకవాక్య మూలానికి సామర్లకోట వ్యాఖ్య

మూలం: నో బూటబుల్ డివైస్.

టీక: నో = లేదు; బూటబుల్ = లేచి నిలబడదగిన; డివైస్ = సాధనము. బూటు శబ్దానికి పాదరక్ష అని అర్థం చెప్పబోతే శిష్యులు నవ్వుతారు గాని, వ్యుత్పత్తి అక్కడే ఉంది. తన బూటు పట్టీ తానే పట్టుకుని తన్ను తాను పైకి లేపుకోవడాన్ని బూట్‌స్ట్రాప్ అన్నారు, అదే కురచై బూట్ అయింది. ఇక ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు? వక్త బయాస్, అంటే మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో కాపురముండే ప్రోగ్రాము. శ్రోత, పదేళ్ల లాప్‌టాప్ ముందు చెమటలు తుడుచుకుంటున్న గృహస్థు. ఫ్లాష్ మెమరీలో డేటా దాచే డ్రైవు, అంటే ఎస్సెస్డీ, ఇక్కడ నోరు విప్పనే లేదు. మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టినవాడు కోలాచలం మల్లినాథ సూరి. ఆయన లెక్కన, ఈ వాక్యానికి ‘ఎస్సెస్డీ పోయింది’ అని అర్థం చెప్పి బిల్లు రాసేవాడు వ్యాఖ్యాత కాడు, స్వతంత్ర కవి.

తాత్పర్యం: నిషేధం విశేష్యానికా, విశేషణానికా అన్నదే చిక్కు. కొట్టంలో పాలిచ్చే ఆవు లేదంటే ఆవే లేదని కాదు, ఒట్టిపోయిన ఆవు ఉండవచ్చు. ఆ సంగతి తేలాలంటే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లి డ్రైవు పేరు కనబడుతోందా అని చూడాలి. పేరు ఉంటే డ్రైవు ఉన్నట్టే, లేవడమే కుదరలేదు. ముసలి లాప్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చచ్చిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, దానితోపాటు బూటు పద్ధతి యూఈఎఫ్ఐ నుంచి పాత లెగసీకి మారి కూర్చోవచ్చు. ఆ బిళ్ల ఖరీదు కొత్త డ్రైవు ఖరీదులో ఆవగింజంత. పేరు లేకపోయినా అప్పుడే కర్మకాండకు దిగకూడదు. సామర్లకోట భీమేశ్వరుణ్ణి కింద చూసినవాడు మెట్లెక్కి పై అంతస్తులోనూ చూసినట్టు, డ్రైవును ఊడదీసి మళ్లీ బిగించి ఒకసారి, యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో కంప్యూటరుకు తగిలించి మరోసారి చూడాలి.

పూర్వపక్షం: కొత్తది కొని పారేస్తే పోయేదానికి ఇంత మీమాంస ఎందుకు? యంత్రం మటుకే కావాలంటే నిజంగానే అక్కర్లేదు. పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు అందులో ఉంటే మాత్రం కావాలి. పాతది బీరువాలో పడేసి తర్వాత చూద్దామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 1980లలో తోషిబాలో ఫుజియో మసుయోకా తెచ్చిన ఈ ఫ్లాష్ మెమరీలో అక్షరమంటే గదిలో బంధించిన విద్యుదావేశమే, అది మెల్లగా కారిపోతుంది. రాతల పరిమితి దాకా అరిగిన మామూలు డ్రైవు కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలపాలని చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ ప్రమాణం. వేడి పెరిగితే ఆ గడువు తరుగుతుంది. మే నెలలో గోదావరి జిల్లాల బీరువా 30 డిగ్రీలకు లోబడి ఉంటుందని ఏ ప్రమాణకర్తా పూచీపడడు.

మరో ఆక్షేపణ: పాత హార్డ్ డిస్కు టకటకమని చెప్పి చచ్చేది, ఇది చెప్పకుండా పోతుంది కదా? సగం నిజం. అరుగుదల ఎంతయిందో డ్రైవు తన ఆరోగ్యం రాసుకునే స్మార్ట్ పట్టికలో రాసే ఉంటుంది, చదివేవాడే కరువు. కొన్ని డ్రైవులు చివరి దశలో కొత్త రాతలు ఆపి చదవనిస్తాయి కూడా. డ్రైవును నడిపే చిప్పు, అంటే కంట్రోలరు, పోతే మాత్రం ఒప్పుకోక తప్పదు. అది రైలు పాయింట్ల లాంటిది. కాకినాడ లైను చీలేది సామర్లకోటలో. అక్కడ పాయింట్లు పడకపోతే పెట్టెలన్నీ క్షేమమే, కాకినాడకు మాత్రం బండి రాదు. ఏ ముక్క ఏ చిప్పులో పెట్టిందో ఆ కంట్రోలరుకే ఎరుక, అది లేకుండా చిప్పులు పీకి చదివితే కలగాపులగమే.

కొత్తది కొనేటప్పుడు ఎం.2 అన్న మాటలో శ్లేష ఉంది. అది ఆకారం పేరు, భాష పేరు కాదు. కొన్ని పాత లాప్‌టాప్‌లలో ఆ గూటికి సాటా ఒక్కటే తెలుసు, ఎన్‌వీఎంఈ చెప్పినా తలకెక్కదు. సాటా వేగం సెకనుకు సుమారు 550 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది, అయినా రోజువారీ పనికి చాలు.

ఇక బిగింపు. చార్జరు తీసి, బ్యాటరీ విడదీసి, కొత్త డ్రైవు పెట్టి, బ్యాటరీ మళ్లీ తగిలించి, స్క్రూలు బిగించి మీట నొక్కితే తెర మీద మళ్లీ అదే మూలం: నో బూటబుల్ డివైస్. కంగారు పడనక్కర్లేదు. విశేష్యం వచ్చింది, విశేషణం ఇంకా ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవులోనే ఉంది.