బండి ఆగకూడదండీ!

అడగందే సలహా ఇవ్వకూడదంటారు. ఉప్పాడలో ఆ రూలు లేదు, అందుకని ఇస్తున్నాను. ముందు నా అర్హతలు వినండి. ఒకప్పుడు నాకు పది టైర్ల లారీ ఉండేది. మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకి బియ్యం తోలేవాణ్ణి. ఇప్పుడు చేపలు తోలే పికప్ వ్యాను ఒకటుంది. సగం నాది, సగం ఫైనాన్స్ వాళ్లది. ఈ వరసలో వచ్చే ఏడాదికి సైకిలు రావాలి. ఇంత పద్ధతిగా మెట్టు మెట్టూ దిగొచ్చిన మనిషి మన స్టాండులో ఇంకొకడు లేడు కాబట్టి, గడ్డుకాలంలో బండి ఎలా నడపాలో చెప్పే హక్కు నాదే.

అన్నిటికన్నా ముఖ్యం, బండి ఆగకూడదు. కిరాయి ఎంతన్నా కట్టేయండి. "ఖాళీగా ఉంటే కిస్తీ ఆగుద్దా?" అని మీకు మీరే చెప్పుకోండి, తిరుగుండదు. ఒడ్డున వేలంపాట అయ్యి, కోనాలూ చందువాలూ ఐసులో సర్దేసరికి పొద్దెక్కుతుంది. అప్పుడు బ్రోకరు మీ డోరు మీద చెయ్యేసి, మొన్నటిదాకా 4,500 పలికిన వైజాగు కిరాయికి 3,200 అంటాడు. ఎక్కించేయండి. అటూ ఇటూ 300 కిలోమీటర్లు, లీటరుకి 12 వస్తే 25 లీటర్లు, 97 చొప్పున 2,425. టోల్‌గేట్లకి ఓ 400 తీసి పక్కన పెట్టండి. రిటర్న్ లోడు మీద ఆశ వద్దు, చేపల వాసన కొట్టే బండిలో ఉల్లిపాయలు కూడా ఎక్కవు. టీ, టిఫినూ 150. మిగిలింది 225. లెక్క సరిగ్గా ఇక్కడ ఆపేయాలి. టైరు అరుగుదల, ఇంజనాయిలు, ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, ఆ రోజు వాటా కిస్తీ, తెల్లారింది మొదలు రాత్రిదాకా స్టీరింగు పట్టుకున్న మీ కూలి, ఇవన్నీ రాస్తే కాగితం దండగ. డ్రైవర్ని పెట్టుకుంటే జీతం ఇవ్వాలి. మీరు ఓనరు కదా, మీకు మీరు ఫ్రీ.

పక్కబండి వాడు 3,200కి ఒప్పుకున్నాడని తెలిస్తే మీరు 3,000 అనండి. రేపు వాడు 2,900 అంటాడు. అయిదు బళ్లకి రెండు లోడ్లున్న రోజున స్టాండులో మాట్లాడుకుని వంతులు వేసుకోవడం లాంటి పాతకాలం పనులు చేయకండి. అలా తగ్గిస్తూ పోతే ఎవడో ఒకడు కిస్తీలు కట్టలేక చేతులెత్తేస్తాడు, బళ్లు తగ్గుతాయి, అప్పుడు రేటు పెరుగుతుందని మీ ఆశ. నాదీ అదే. తీరా చూస్తే బండి లాక్కెళ్లిన వాళ్లు దాన్ని వేలంలో సగం ధరకి అమ్ముతారు. కొనుక్కున్న కుర్రాడికి కిస్తీ మీకన్నా తక్కువ, వాడు 2,700కి తోలినా గిట్టుబాటే. మనుషులు మారారు గానీ బళ్లు ఒక్కటీ తగ్గలేదు. నా పాత లారీ కూడా ఎక్కడో నా తోటివాళ్ల కిరాయి తగ్గిస్తూ తిరుగుతుండొచ్చు.

ఆ లారీ సంగతి కాస్త చెప్పాలి. 2018 జులైలో కేంద్రం పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి పెంచితే నేను స్వీట్లు పంచాను. ట్రిప్పుకి మూడున్నర టన్నులు ఎక్కువ, అంత కిరాయీ ఎక్కువ, ఇంకేం కావాలి? లెక్క బానే ఉంది. కాకపోతే దేశంలో సరుకు పెరగలేదు, లారీల పొట్టలే పెరిగాయి. ఆరు లారీల బియ్యం అయిదింటిలో సరిపోయింది. ఆరో లారీ నాది. మరుసటేడాది మందగమనం అన్నారు, ఆ పైన కరోనా. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆర్నెల్లు మారటోరియం వచ్చింది. మీకూ ఎప్పుడైనా అలాంటిది వస్తే మాఫీ అనే అనుకోండి, నేనూ అలాగే అనుకున్నాను. ఆగింది కిస్తీయేగానీ వడ్డీ కాదని ఎవరైనా చెబితే వాణ్ణి పిరికివాడనండి. ఆ తర్వాత పాత కిస్తీ, పేరుకున్న వడ్డీ కలిసి వచ్చాయి, లోడ్లు మాత్రం రాలేదు.

2024 నవంబరు 29న కాకినాడ పోర్టులో మన పిఠాపురం ఎమ్మెల్యే, ఉపముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ గారు "సీజ్ ద షిప్" అంటే రాష్ట్రమంతా అదేదో కొత్త మాటలా చెప్పుకుంది. లారీ వాళ్లకి సీజ్ అనేది ఎప్పట్నుంచో తెలుగు మాటే. ఓడంటే లంగరేసుకుని ఉంటుంది, వెతుక్కుంటూ వెళ్లాలి. మా బళ్లయితే టీ కొట్టు దగ్గరే దొరుకుతాయి. అయినా సీజ్ అయితే అన్నీ నష్టాలే అనుకోకూడదు. 2023 జులై 20న తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు పోర్టు లోడ్ల మీద బతికే లారీల వాళ్లకి నిద్ర లేదు. నాకప్పటికే లారీ లేదు గనక హాయిగా పడుకున్నాను.

డీజిలు యానాంలో కొట్టించండి. పాండిచ్చేరి పన్ను కాబట్టి తక్కువ. లీటరుకి పది రూపాయల తేడా అనుకుంటే 45 లీటర్ల ట్యాంకు మీద 450 మిగులు. ఉప్పాడ నుంచి వెళ్లి రావడానికి 90 కిలోమీటర్లు, అంటే ఏడున్నర లీటర్లు, దగ్గర దగ్గర 650 రూపాయలు. ఆ దారిలో లోడు ఉన్నవాడికి కలిసొచ్చే పని ఇది. లోడు లేకుండా పనిగట్టుకుని వెళ్లే తెలివి మనది. పైగా యానాంలో చవగ్గా దొరికేది డీజిలొక్కటేనా? దాని లెక్క ఇంట్లో చెప్పకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఏటా అవే తారీఖులు, అయినా ఏటా పిడుగు పడ్డట్టు ఆశ్చర్యపోవాలి. మార్చిలో నాలుగు రూపాయలు పక్కన పెడితే ఆ ఆశ్చర్యం పోతుంది. వేటకెళ్లే వాళ్లకి సర్కారు 2025 నుంచి 20,000 ఇస్తోంది. మనం చేపని పట్టం, మోస్తాం, కాబట్టి మన పేరు ఏ లిస్టులోనూ ఉండదు. బోట్లకి సెలవుంది గానీ కిస్తీకి లేదు. రోజువారీ వడ్డీకి అప్పిచ్చే పెద్దమనిషి మాత్రం నిషేధంలోనూ వేటకొస్తాడు, ఆయన దగ్గర తీసుకోండి.

చేపలు లేకపోతే రొయ్యలున్నాయి కదా అని 2025లో చాలామంది అటు తిప్పారు. ఆ ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. రొయ్యకి పాత సుంకాలు అప్పటికే ఉన్నాయి, ఇది వాటి మీద. కొనేవాడు కౌంటు రేటు కోసేశాడు. రేటు లేనప్పుడు రైతు చెరువులో పిల్ల వేయడానికి జంకుతాడు. పిల్ల వేయకపోతే సీడు వ్యాను, మేత లారీ, ఐసు బండి, పట్టుబడి రోజు రొయ్యల బండి, నాలుగు కిరాయిలు ఒకే చెరువు గట్టు మీద పోతాయి. సరిగ్గా అప్పుడే మీరు రెండో బండి తీయాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, షోరూము వాళ్లు దండ వేసి మరీ తాళాలిస్తున్నారు. కొత్తబండి చవకైన రోజునే మీ పాతబండి విలువ కూడా దిగిందన్న సంగతి అమ్మబోయేదాకా తెలియదు. తొందరేముంది? (జాందానీ చీరల లోడు తోలొచ్చుగా అని ఒకాయన అడిగాడు. మా ఊరి చీరకి పేరుంది, జీఐ గుర్తింపుంది, బరువే లేదు. సంచీ భుజానికేసుకుని బస్సెక్కేస్తారు.)

అన్ని దారులూ మూసుకుపోతే తుపాను కోసం చూడండి. 2025 అక్టోబరు 28న మొంథా వచ్చినప్పుడు కాకినాడ బీచ్ రోడ్డు మళ్లీ కోతపడింది, పిఠాపురం మీదుగా తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఆ చుట్టు డీజిలు ఎవడిస్తాడు? అడగకండి, మంచి పార్టీని పోగొట్టుకుంటారు. దానికి బదులు ఒడ్డుకెళ్లి బంగారం ఏరుకోండి. నిజమేనండీ, తుపాను తగ్గాక ఉప్పాడ ఇసకలో బంగారపు రేణువులు దొరుకుతాయని జనం పొద్దున్నే మూగుతారు. మా ఆవిడ నానుతాడు బ్యాంకులో ఉంది, కాబట్టి ఆవిణ్ణీ తీసుకెళ్లాను. మూడు గంటలు మోకాళ్ల మీద కూర్చుని వెతికితే ఆవగింజలో సగం ఉన్నదొకటి దొరికింది. చూపుడు వేలికి అంటించుకుని ఎండకి పెట్టి చూసింది.

"ఇది ఎన్ని కిలోమీటర్లు వస్తుందండీ?" అంది.

అన్నవరం దాకా రాదన్నాను. తిరిగి వైజాగుకి అడుగుతున్నారు, బ్రోకరు ఫోనులోనే ఉన్నాడు. 2,600 అంటున్నాడు. ఎక్కించమన్నాను. కాస్త ఆలోచించుకుని చెబుదామనే ఉంది గానీ, ఈ సలహాలు చదివి మీరు 2,500 అనేస్తే?