ఆరు లక్షల్లో ఒకదాన్నట!

నన్ను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఒకవైపు సీతారాముల పట్టాభిషేకం, పాదాల దగ్గర హనుమంతుడు. రెండోవైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ, హాఫ్ అణా, 1818. నా కాపురం కుంకుమ భరిణెలో. శ్రీరామనవమి వచ్చిందంటే చింతపండు పెట్టి తోముతారు. ఆ తోముడుకి హనుమంతుడి ముఖం చదునైపోయింది, తోక మాత్రం మిగిలింది.

ఈ ఇంట్లో నా పరపతి అంతా ఇంతా కాదు. గోపన్నను చెర విడిపించడానికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు ఆరు లక్షల మాడలు చెల్లించారని కథ ఉంది కదా, వాటిలో నేనూ ఒకదాన్నట! వచ్చిన చుట్టమల్లా కళ్ళకద్దుకుని పోయారే గాని, తిప్పి చదివిన పుణ్యాత్ములు లేరు. గోల్కొండ ఔరంగజేబు వశమై తానీషా ఖైదయింది 1687లో. నా మీదున్నది 1818. మధ్యలో 131 ఏళ్ళు ఎటుపోయాయో ఎవరికీ పట్టలేదు.

ఈమధ్య పెద్దబ్బాయికి ఒక బ్రోకరు తగిలాడు. ఇలాంటి నాణెం బియ్యాన్ని లాగితే కోట్లు పలుకుతుందన్నాడు. రైస్ పుల్లింగ్ పేరుతో జరిగే పాత మోసమే ఇది. ఇనుము కలిపిన గింజలు, దాచిపెట్టిన అయస్కాంతం ఉంటే చాలు, గారడీ అయిపోతుంది. పెద్దబ్బాయి నన్ను పళ్ళెంలో సోనామసూరి మధ్య కూర్చోబెట్టి ఊపిరి బిగబట్టాడు. ఒక్క గింజా కదల్లేదు. సైంటిస్టు వచ్చి పరీక్షించాలి, ముందు ఖర్చులకు డబ్బు వెయ్యమన్నాడు బ్రోకరు.

“ఆగు పెదనాన్నా, పైసా పంపకు. ముందు నన్ను చూడనీ” అంది చరిత్ర చదివే మనవరాలు.

భూతద్దం పెట్టి చూసింది. కంపెనీ టంకశాలల నాణేలు అచ్చుల మధ్య దెబ్బ కొట్టి ముద్రించినవి, అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. నా అక్షరాలు మెత్తగా ఉబ్బి ఉన్నాయి, ఒంటినిండా సన్నటి గుంటలు. అంచున ఒకచోట ఆకురాయి గీతలు. కరిగిన ఇత్తడి పోసిన దారిని అక్కడే రాకి చదును చేశారు. నా బొడ్డు దొరికిపోయింది!

తేదీ కూడా నన్ను కాపాడలేదు. దేశమంతటికీ ఒకే తీరు నాణేలు వచ్చింది 1835లో. అంతకుముందు బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీలు ఎవరి నాణేలు వాళ్ళవే కొట్టుకునేవి. కంపెనీ ఎన్నడూ దేవుళ్ళ బొమ్మలు వెయ్యలేదు కాబట్టి ఇది దొంగదని కొందరంటారు. అది తప్పు. మద్రాసులో 1807 నాటి పావు వరహా వెండి నాణెం మీద ఒకవైపు గోపురం, మరోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు ఉంటాయి. అసలుదాని మీద తెలుగుంది, నా మీద ఒక్క అక్షరమైనా లేదు. యాత్రికులకు అమ్మే బిళ్ళను నేను. పాతదనిపించడానికి ఎవరో కంపెనీ పేరు తగిలించారు.

పిల్ల అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తానీషా కథ మొదట ఎవరు చెప్పారని ఇంట్లో పెద్దవాళ్ళందరినీ వరసగా అడిగింది. చివరికి బామ్మ ఆడపడుచు నోరు విప్పింది.

“భద్రాచలం తిరునాళ్ళలో మా నాన్న కొన్నాడే దీన్ని. నేను పక్కనే ఉన్నా. గాజులు కొనమని ఏడిస్తే కొనలేదు గాని, దీన్ని కొన్నాడు.”

మిగతాది నాకూ గుర్తుంది. కొడుక్కి సంబంధం మాట్లాడే నాటికి పొలం తాకట్టులో ఉంది. వియ్యాలవారికి చూపించుకోవడానికి ఇంట్లో ఏముంది? ఆ పెద్దాయన భరిణె తెరిచి నన్ను అరచేతిలో పెట్టుకుని, “తాతల నాటిది” అన్నాడు. ఆయన నోట తానీషా రావడం అదే మొదలు.

బామ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆడపడుచు వైపు తిరిగింది. “అయితే వదినా, మా నాన్న కట్నం కింద రెండెకరాలు రాసిచ్చింది ఈ ఇత్తడి బిళ్ళను చూసా?”

ఆ రెండెకరాల పంచాయితీ ఇంకా తెగలేదు. పెద్దబ్బాయి మాత్రం ఎవరి కంటా పడకుండా నా ఫోటో మరో బ్రోకరుకి పంపాడు.